తుపాకీని వేరే రాష్ట్రానికి పంపాలంటే పోస్టా, డీలరా, మన కారేనా? ఏది మేలు?

పోయినేడాది డల్లాస్ పక్కన ఉన్న ఫ్రిస్కో నుంచి నార్త్ కరొలినాలోని షార్లట్‌కి ఇల్లు మారాం. సోఫాలు, గిన్నెలు, అమ్మ మోసుకొచ్చిన గ్రైండర్ అన్నీ మూవర్స్‌కి అప్పజెప్పాక బెడ్‌రూమ్ అల్మారాలోని సేఫ్ ఒక్కటే మిగిలింది. అందులో రెండు తుపాకులు. ఒకటి ఆదివారాలు క్లే షూటింగ్‌కి, అంటే గాల్లోకి విసిరిన మట్టి బిళ్లల్ని కొట్టే ఆటకి వాడే షాట్‌గన్. రెండోది కొని నాలుగేళ్లయినా పట్టుమని పదిసార్లు బయటికి తీయని నైన్ ఎంఎం పిస్టల్. మూవర్స్ వాళ్లు "గన్స్ మేం ముట్టుకోం సార్" అని మొదటి ఫోన్‌లోనే తేల్చేశారు. అదే వారం జార్జియా రాష్ట్రంలోని అల్ఫరెట్టాలో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఆ పిస్టల్ నువ్వెలాగూ వాడట్లేదుగా, నాకు అమ్మేయ్. డబ్బులు ఇప్పుడే పంపిస్తా, నువ్వు డబ్బాలో పెట్టి కొరియర్‌లో వేసెయ్" అన్నాడు.

వాడు బుద్ధిమంతుడు. గ్రీన్ కార్డ్ ఉంది, మీద ఒక్క కేసు లేదు. అయినా వాడు చెప్పినట్టు చేసి ఉంటే ఇద్దరం ఫెడరల్ నేరం చేసినవాళ్లమయ్యేవాళ్లం. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం, డీలర్ లైసెన్స్ లేని మనిషి వేరే రాష్ట్రంలో ఉండే లైసెన్స్ లేని మనిషికి నేరుగా తుపాకీ అమ్మకూడదు, ఊరికే ఇవ్వకూడదు కూడా. వీలునామాతో సంక్రమించడం, వేటకో ఆటకో కొద్దిరోజులు అరువివ్వడం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అన్నదమ్ములకు మినహాయింపు లేదు. శిక్ష ఐదేళ్ల దాకా పడొచ్చు.

డల్లాస్‌లో ఉన్నవాళ్లకి ఈ చట్టం ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ప్రెసిడెంట్ కెనెడీని కాల్చిన డీలీ ప్లాజా చూపించడానికి మనం తీసుకెళ్తాం కదా, ఆ కథే. కెనెడీని కాల్చిన రైఫిల్‌ని లీ హార్వీ ఆస్వాల్డ్ 1963 మార్చిలో చికాగోలోని క్లైన్స్ షాపు నుంచి దొంగ పేరుతో, డల్లాస్‌లోని తన పోస్ట్ బాక్స్‌కి తెప్పించుకున్నాడు. పంపే ఖర్చుతో కలిపి 21 డాలర్ల 45 సెంట్లు. ఎవరు కొంటున్నారో షాపువాడు మొహం కూడా చూడలేదు. ఐదేళ్లకు ఆ దారిని చట్టం మూసేసింది. అందుకే ఇప్పటికీ ఈ విషయంలో "ఏ కంపెనీలో పంపాలి" కంటే "అటువైపు ఎవరు అందుకుంటారు" అన్నదే ముందు తేలాలి.

దారులు పోల్చేముందు మనవాళ్లకి మాత్రమే గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. హెచ్‌వన్‌బీ, హెచ్‌ఫోర్, ఎఫ్‌వన్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టంలో తుపాకీ గానీ తూటా గానీ ఉంచుకునే హక్కు మామూలుగా లేదు. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులున్నాయి, అంతే. గ్రీన్ కార్డ్ వచ్చాక ఆ అడ్డు పోతుంది. ఇది చిన్న తప్పు కాదు. అర్హత లేకుండా దగ్గర పెట్టుకుంటే 15 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. పైగా తుపాకీ నేరం గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లని కూడా దేశం నుంచి పంపించేయడానికి చాలే కారణం. ఇరవై ఏళ్లు కట్టుకున్న సంసారం ఒక అట్టపెట్టె దగ్గర కూలిపోవడం నాకు ఇష్టం లేదు. ఇంత వివరంగా రాస్తున్నది అందుకే.

ఇక ఫెడెక్స్, యూపీఎస్. వీటి గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. మామూలు మనిషి దగ్గర్నుంచి ఈ రెండూ తుపాకీ తీసుకోవు. లైసెన్స్ ఉన్న వ్యాపారులు, అదీ ముందే ఆ కంపెనీతో ఒప్పందం రాసుకున్నవాళ్లు మాత్రమే పంపగలరు. "డీలర్ అడ్రస్ రాసి, కౌంటర్‌లో చెప్పేసి, మర్నాటికి చేరేలా పంపితే చాలు" అని పాత షూటర్లు ఇంకా చెప్తుంటారు. ఒకప్పుడు నిజమే, ఇప్పుడు చెల్లదు. లోపల ఏముందో చెప్పకుండా పంపేద్దామనే ఆలోచన మాత్రం మనసులోకే రానివ్వొద్దు.

పోస్టాఫీసు దారి వేరు. పిస్టల్ లాంటి దాచిపెట్టుకోగల తుపాకులని మామూలు జనం పోస్టులో పంపకూడదని 1927 నుంచి చట్టం ఉంది, రెండేళ్ల దాకా జైలు. పిస్టల్‌ని విడగొట్టి పంపినా లాభం లేదు, మిగతా భాగాలన్నీ బిగించే ఫ్రేమ్ ఒక్కటున్నా చట్టం లెక్కలో అది తుపాకీయే. ఈ నిషేధం మీద ఈమధ్య వివాదం నడుస్తోంది కాబట్టి, వెళ్లే రోజున పోస్టులో ఏవి పంపొచ్చో, ఏవి పంపకూడదో చెప్పే పోస్టల్ శాఖ వాళ్ల 'పబ్లికేషన్ 52' తెరిచి చూసుకోండి. రైఫిల్, షాట్‌గన్ అయితే మాత్రం మనమే పోస్టు చేయొచ్చు. ఏ రాష్ట్రంలో ఉన్న లైసెన్స్ డీలర్‌కైనా పంపొచ్చు. మన రాష్ట్రంలోనే ఉన్న మామూలు మనిషికీ పోస్టల్ రూల్స్ ఒప్పుకుంటాయి. కానీ కొన్ని రాష్ట్రాలు ప్రైవేటు అమ్మకానికి కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాడికి అర్హత ఉందో లేదో చూసే పరిశీలన) ఉండాలంటాయి, అది ముందే చూసుకోవాలి.

ఇంకో వెసులుబాటు చాలామందికి తెలియదు. వేరే రాష్ట్రానికి వేటకో పోటీకో వెళ్తుంటే, అక్కడ ఉన్న స్నేహితుడి ఇంటి చిరునామాకి మన పేరు మీదే మన రైఫిల్‌నో షాట్‌గన్‌నో పోస్టులో పంపుకోవచ్చు. పెట్టె మీద మన పేరు, కింద "కేరాఫ్" అని వాళ్ల పేరు. విప్పాల్సింది మనమే, వాళ్లు కాదు. షార్లట్‌లో నా స్నేహితుడు "నా ఇంటికి పంపించెయ్" అన్నాడు గానీ వాడింకా హెచ్‌వన్‌బీలోనే ఉన్నాడు. పెట్టె విప్పకపోయినా, అది వాడి హాల్లో రెండు వారాలు ఉంటే ఆ టెన్షన్ వాడికెందుకు? వద్దన్నాను.

పోస్టు చేసేటప్పుడు ఎలా ఉంటుందో రెండేళ్ల కిందట నేను చూశాను. షాట్‌గన్ ట్రిగ్గర్ బిగుసుకుపోతే వేరే రాష్ట్రంలో ఉన్న రిపేర్ షాపుకి పంపాను. రిపేర్‌కి లైసెన్స్ ఉన్న చోటుకి మనమే పంపడం, వాళ్లు తిరిగి నేరుగా మన ఇంటికే పంపడం చట్టం ఒప్పుకున్న పనే. మధ్యలో ఇంకో డీలర్ అక్కర్లేదు. గొట్టం విడదీసి, తూటా కూర్చునే రెండు ఛాంబర్లలోకీ టార్చ్ వేసి చూశాను. మా ఆవిడ చేత కూడా చూపించాను, ఎందుకంటే అలవాటైన కన్ను ఉన్నదాన్ని కూడా లేదనుకుంటుంది. హార్డ్ కేస్‌లో పెట్టి, ఆ కేస్‌ని మామూలు అట్టపెట్టెలో పెట్టాను. బయట కంపెనీ పేరు గానీ, గన్ అన్న మాట గానీ ఉండకూడదు. రూల్ కూడా అదే, దొంగల కంట పడకుండా ఉండాలన్నా అదే. ట్రాకింగ్, అందుకున్నవాళ్ల సంతకం ఉండే సర్వీస్ తీసుకుని, ఇన్సూరెన్స్ కూడా కట్టాను. కౌంటర్‌లో ఉన్నావిడ మొదట "ఇవి తీసుకోం" అంది. లోపలికెళ్లి పెద్దాయన్ని అడిగొచ్చింది. లోడ్ చేసి లేదని, పిస్టల్ కాదని కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. నలభై నిమిషాలు పట్టింది.

అప్పుడు నేను చేసిన పొరపాటు ఒకటుంది. పెట్టెలో నా డ్రైవర్ లైసెన్స్ కాపీ పెట్టలేదు. డీలర్‌కి ఏ తుపాకీ వచ్చినా ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో పేరు, చిరునామాతో రిజిస్టర్‌లో ఎక్కించుకోవాలి. ఆ కాగితం లేక నా తుపాకీ వారం రోజులు వాళ్ల సేఫ్‌లో ఊరికే పడుంది. తుపాకీ తయారుచేసిన కంపెనీకే రిపేర్‌కి పంపేపని అయితే ఇంకా తేలిక. ముందు వాళ్లకి ఫోన్ చేయండి. చాలా కంపెనీలు తమ ఒప్పందం కింద తామే షిప్పింగ్ లేబుల్ పంపిస్తాయి. పిస్టల్‌కైతే అంతకంటే సులువైన దారి లేదు.

డీలర్ దారి ఖర్చుతో కూడుకున్నది. కానీ అమ్మకానికి నా ఓటు దీనికే. పిస్టల్ తీసుకుని ఫ్రిస్కోలోని ఒక చిన్న గన్ షాపుకి వెళ్లాను. ఆయన షిప్పింగ్‌కి, తన శ్రమకి కలిపి ఛార్జ్ చేశాడు. డీలర్లు ఒకరికొకరు పిస్టల్‌ని పోస్టులో కూడా పంపుకోవచ్చు, దానికి 1508 అనే ఫారం ఉంది. మనకి మూసి ఉన్న తలుపు వాళ్లకి తెరిచే ఉంటుంది. తమ్ముడు ముందుగా అల్ఫరెట్టాలో ఒక డీలర్‌ని మాట్లాడి పెట్టుకున్నాడు. పిస్టల్ అయితే కొనేవాడు ఉండే రాష్ట్రంలోని డీలర్ చేతి మీదుగానే అందాలి. రైఫిల్, షాట్‌గన్‌కి ఆ పట్టింపు లేదు, రెండు రాష్ట్రాల చట్టాలూ ఒప్పుకుంటే చాలు. అటువైపు డీలర్ ట్రాన్స్‌ఫర్ ఫీజు చాలా చోట్ల 25 నుంచి 50 డాలర్ల మధ్య ఉంటుంది. ఆ డీలర్ నిజమైనవాడేనా అని తుపాకీ డీలర్లకి లైసెన్స్ ఇచ్చే ఫెడరల్ శాఖ ఏటీఎఫ్ వాళ్ల ఈజీ చెక్ పేజీలో చూసుకోవచ్చు. లైసెన్స్ నంబర్‌లో మొదటి మూడు అంకెలు, చివరి ఐదు కొడితే షాపు పేరు, చిరునామా వస్తాయి. ఇది మాత్రం మానొద్దు. ఎవరో ఈమెయిల్‌లో పంపిన కాపీ నమ్మి వెయ్యి డాలర్ల వస్తువు పంపేయకూడదు.

రెండు ఫీజులూ కలిపి చూసి తమ్ముడు "అన్నా, వంద డాలర్లు ఊరికే పోతున్నాయి" అన్నాడు. నాకు అలా అనిపించలేదు. ఆ పిస్టల్ నా చేయి దాటిన తేదీ డీలర్ పుస్తకంలో ఉంది. వాడి బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయింది. రేపు ఆ తుపాకీతో ఏం జరిగినా, నా దగ్గర్నుంచి ఎప్పుడు పోయిందో చూపించే కాగితం ఉంటుంది. మామూలు పార్సెల్ రసీదులో ఆ బలం లేదు.

ఇల్లు మారేటప్పుడు మాత్రం ఇవేవీ అక్కర్లేదు. చేతులు మారట్లేదు, తుపాకీ మనదే, మనమే మోసుకెళ్లొచ్చు. 1986 నాటి ఫెడరల్ చట్టం దారిలో ఉన్న రాష్ట్రాల్లో మనకి రక్షణ ఇస్తుంది. బయల్దేరిన చోటా, చేరే చోటా అది చట్టబద్ధమై ఉండాలి. లోడ్ చేసి ఉండకూడదు. తుపాకీ గానీ తూటాలు గానీ కూర్చున్నచోటు నుంచి చేతికి అందకూడదు. డిక్కీ విడిగా లేని ఎస్‌యూవీ అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, గ్లవ్ బాక్స్ గానీ మధ్య కన్సోల్ గానీ లెక్కలోకి రాదు. మేం ఐ-20 హైవే మీద ష్రీవ్‌పోర్ట్, జాక్సన్, బర్మింగ్‌హామ్ మీదుగా అట్లాంటా చేరి, అక్కణ్ణుంచి ఐ-85 పట్టుకున్నాం. రాత్రికి హోటల్‌లో ఆగాం. షాట్‌గన్ పెట్టె అన్నిటికంటే కింద, దాని మీద పిల్లల బొంతలు. న్యూజెర్సీకో న్యూయార్క్‌కో మారేవాళ్లు మాత్రం బయల్దేరకముందే అక్కడి తుపాకీ కార్డులు, పర్మిట్లు, మ్యాగజైన్ (తుపాకీలో తూటాలు నింపే డబ్బీ) పరిమితి చూసుకుని తీరాలి. న్యూజెర్సీలో పది తూటాలు దాటిన మ్యాగజైన్ ఉండకూడదు.

విమానం కూడా పనికొస్తుంది. తాళం వేసిన గట్టి పెట్టెలో, లోడ్ లేకుండా, చెకిన్ బ్యాగేజీగా, కౌంటర్‌లో చెప్పి ఇవ్వాలి. కానీ కనెక్టింగ్ ఫ్లైట్ ఉంటే ఏ ఊళ్లో ఆగుతుందో చూసుకోండి. 2005లో ఒక ప్రయాణికుడు న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో కనెక్షన్ తప్పిపోయి, పెట్టె తీసుకుని హోటల్‌కి వెళ్లి, మర్నాడు చెకిన్‌లో నిజం చెప్పినందుకే అరెస్టయ్యాడు. ఆ రాత్రి తుపాకీ అతనికి అందుబాటులో ఉంది కాబట్టి ఫెడరల్ రక్షణ వర్తించదని 2010లో అప్పీలు కోర్టు తేల్చింది. అందుకే రెండు రోజుల దూరమే అయితే నేను కారునే ఎంచుకుంటాను.

తూటాలు మాత్రం ఏ పోస్టులోనూ వేయొద్దు, పోస్టల్ శాఖ అసలు తీసుకోదు. నా దగ్గరున్నవి షూటింగ్ రేంజ్‌లో మిత్రుడికిచ్చేశాను. రేంజ్‌కి వాడిన బ్యాగుని ఇండియా ప్రయాణానికి వాడకండి. ఏ జేబులోనో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపించినా 1959 ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు మొదలవుతుంది.

తమ్ముడు అల్ఫరెట్టా షాపుకి వెళ్లి, డీలర్ దగ్గర తుపాకీ తీసుకునేవాళ్లు నింపాల్సిన ఫారం 4473 నింపాడు. గ్రీన్ కార్డ్ నంబర్ కూడా అందులో రాయాలి. మన ఇంటిపేర్లు పొడుగు కదా, ఆ పేరు డ్రైవర్ లైసెన్స్ మీద ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయమని ముందే చెప్పాను. అయినా బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో "డిలే", అంటే ఇంకా తేలలేదు, ఆగాలి అని వచ్చింది. వాడు కంగారుపడి ఫోన్ చేశాడు. మూడో రోజు క్లియర్ అయింది. పిస్టల్ కేస్ తాళంచెవి నేను విడిగా మామూలు కవర్‌లో పోస్టు చేశాను. అది అప్పటికే వాడి ఇంటికి చేరి ఉంది.