మినీ డీవీ క్యాసెట్లకు ఫైర్‌వైర్ కార్డు, విన్‌డీవీ: చాలాకాలం వాడాక

మినీ డీవీ క్యాసెట్‌లో ఉన్న వీడియో అప్పటికే డిజిటల్. షూటింగ్ రోజునే కెమెరా దాన్ని సెకనుకు 25 మెగాబిట్ల డీవీ రూపంలో టేపు మీద రాసేసింది. కాబట్టి కన్వర్ట్ చేయడానికేమీ లేదు, ఉన్నదున్నట్టు కాపీ చేసుకుంటే చాలు. ఆ పనికి నమ్మదగిన దారి ఫైర్‌వైర్, అంటే సోనీ కెమెరాల మీద ఐలింక్ అనీ, మిగతావాటి మీద డీవీ అనీ రాసి ఉండే చిన్న 4 పిన్నుల పోర్టు. పక్కనే ఉన్న యూఎస్‌బీ పోర్టు చాలా మోడళ్లలో ఫొటోలకూ, చిన్న సైజు వెబ్‌క్యామ్ బొమ్మకూ మాత్రమే. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల వైరుతో క్యాప్చర్ డాంగిల్‌లోకి పంపితే డిజిటల్ బొమ్మ అనలాగై, మళ్లీ డిజిటలవుతుంది. పట్టుచీర అంచులో జరీ గీతలు అక్కడే అలుక్కుపోతాయి.

నేను వాడుతున్నది డెస్క్‌టాప్‌లో పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు, 4 పిన్ నుంచి 6 పిన్ కేబుల్, విండోస్ 10, టేపులోని వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించే (క్యాప్చర్ చేసే) ఉచిత సాఫ్ట్‌వేర్ విన్‌డీవీ. కార్డు మీద టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉందో లేదో చూసి కొనండి. వయా చిప్ కార్డులూ పనిచేస్తాయి గానీ గంటల తరబడి క్యాప్చర్‌లో నాకు టెక్సాస్ చిప్పే నిలకడగా నడిచింది. ఒక కొసన యూఎస్‌బీ, ఇంకో కొసన ఫైర్‌వైర్ ఉండే చవక కేబుళ్లు మాత్రం కొనొద్దు. లోపల వైర్లు కలిపి ఉంటాయంతే, రెండు పద్ధతుల మధ్య డేటాను మార్చే చిప్ ఉండదు.

విండోస్ కెమెరాను గుర్తించకపోతే లోపం చాలాసార్లు డ్రైవర్‌దే. మైక్రోసాఫ్ట్ ఇచ్చే 1394 (ఫైర్‌వైర్‌కే మరో పేరు) లెగసీ డ్రైవర్ వేసి, డివైస్ మేనేజర్‌లో కార్డుకు పేరు చివర లెగసీ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. మ్యాక్‌లో అయితే మాక్ఓఎస్ టాహో నుంచి ఫైర్‌వైర్ మద్దతే తీసేశారు. అంతకుముందు వెర్షన్ ఉన్న మెషీన్‌ను అప్‌డేట్ చేయకుండా ఉంచుకోవాలి.

కేబుల్ పెట్టేటప్పుడు కెమెరా, కంప్యూటర్ రెండూ ఆపి ఉంచండి. 6 పిన్ పోర్టులో కరెంటు ఉంటుంది. ప్లగ్ తిరగేసి బలవంతంగా నొక్కితే పోర్టు కాలిపోతుంది. కెమెరాను బ్యాటరీ మీద కాక అడాప్టర్ మీద, ప్లే మోడ్‌లో నడపండి.

అసలు నష్టం జరిగేది టేపు చదివే చోటే. ఏళ్లుగా కదలని క్యాసెట్‌ను ముందు చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టాలి. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే కెమెరాలో పెట్టొద్దు, టేపును చదివే హెడ్‌తో పాటు తర్వాతి క్యాసెట్లూ పాడవుతాయి. తేమ ఎక్కువుండే విశాఖ, కాకినాడ ఇళ్లలోని క్యాసెట్లను మరీ జాగ్రత్తగా చూడాలి. బొమ్మలో గళ్లు పడితే డ్రై క్లీనింగ్ క్యాసెట్‌ను దాని మీద రాసినన్ని సెకన్లే నడపండి. ఎక్కువసేపు నడిపితే హెడ్ అరుగుతుంది. ఎల్‌పీ (లాంగ్ ప్లే, టేపు మెల్లగా తిరిగి ఎక్కువసేపు పట్టే) మోడ్‌లో తీసినవి వేరే కెమెరాలో సరిగ్గా చదవకపోవచ్చు, తీసిన కెమెరానే వెతకండి.

క్యాప్చర్ టేపు ఆడే వేగంతోనే జరుగుతుంది, గంట క్యాసెట్‌కు గంట. ఫైల్ సుమారు 13 జీబీ. డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉండాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ పరిమితి వల్ల 19 నిమిషాలకే ఆగుతుంది. విన్‌డీవీలో ఫైల్ పరిమితి ఫ్రేముల్లో ఉంటుంది: మన దేశంలో వాడే పాల్ (PAL, సెకనుకు 25 ఫ్రేములు) పద్ధతి గంట టేపుకు 90,000. డ్రాప్డ్ ఫ్రేముల (కంప్యూటర్ అందుకోలేక వదిలేసినవాటి) అంకె సున్నా దగ్గరే ఉండాలి.

ఆ సున్నా చూసి నిశ్చింతగా ఉండలేం. టేపు మీద ఒక ముక్క చదవలేకపోతే కెమెరా పాత ఫ్రేములోని ముక్కను అక్కడ అతికించి పంపుతుంది, కంప్యూటర్‌కు అది మామూలు ఫ్రేములాగే అందుతుంది. విన్‌డీవీలో నాకు కనిపించే పెద్ద కొరత ఇదే. డీవీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫైల్‌లోని ఎర్రర్ గుర్తులను చదివి ఏ ఫ్రేము చెడిందో చూపిస్తుంది. అదే క్యాసెట్‌ను రెండు మూడుసార్లు ఎక్కిస్తే, ఒక్కోదాంట్లో బాగున్న ముక్కలను ఏరి ఒకే ఫైల్‌గా కలుపుతుంది. మళ్లీ దొరకని పెళ్లి వీడియోలకు ఈ శ్రమ తప్పకుండా పడాలి.

వచ్చిన ఏవీఐ ఫైల్‌ను అలాగే రెండు డిస్కుల్లో దాచండి. వాట్సాప్‌లో పంపడానికి హెచ్.264 కాపీ వేరే చేసుకోండి. డీవీ ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేము ఒకటి విడిచి ఒక గీతలుండే రెండు ఫీల్డులుగా ఉంటుంది, కింది ఫీల్డ్ ముందు. వాటిని పూర్తి ఫ్రేములుగా మార్చేటప్పుడు (డీఇంటర్‌లేస్) 25 కాకుండా సెకనుకు 50 ఫ్రేములు పెడితే కదలిక అసలులాగే నున్నగా ఉంటుంది.

అమెరికాలోని బంధువులు అక్కడి కెమెరాతో తీసి తెచ్చిన క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీవి: 720×480, సెకనుకు 29.97 ఫ్రేములు. ఇక్కడి పాల్ హ్యాండీక్యామ్‌లో అవి సరిగ్గా ఆడకపోతే క్యాసెట్ చెడిందని పారేయకండి, వాటికి ఎన్‌టీఎస్‌సీ కెమెరా కావాలి. సోనీలో మోడల్ నంబరు చివర E అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటే అది పాల్.