రోజూ ఇంటి నుంచా, హాస్టలా? ఒడిశా బరంపురంలో చదివే అమ్మాయిలకు ఏది మేలు?

అడ్మిషన్లు మొదలయ్యాయంటే నాకు ఇచ్ఛాపురం నుంచి, ఛత్రపురం నుంచి ఫోన్లు వస్తాయి. "అక్కా, మా అమ్మాయికి భంజ విహార్‌లో, అదే బరంపురం యూనివర్సిటీలో, పీజీ సీటు వచ్చింది. హాస్టల్లో వెయ్యమంటావా, రోజూ పంపమంటావా?" పర్లాకిమిడి, రాయగడ వాళ్ళకి ఈ ప్రశ్నే రాదు, అంత దూరం రోజూ తిరగలేరు. రోజూ తిరగగలిగే దూరంలో ఉన్నవాళ్ళదే తంటా అంతా.

ఖర్చులో ఇల్లే చవక. తిండిలోనూ అంతే. హాస్టల్ డాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) రెండు వారాలు బాగానే ఉంటుంది, మూడో వారానికి ఆవకాయ సీసా ఖాళీ అవుతుంది.

నేను మాత్రం చూసేది సాయంత్రాన్ని. ఆరింటికి ఇల్లు చేరిన పిల్ల పుస్తకం తీస్తుందా, చీపురు పడుతుందా? 2019లో కేంద్రం చేసిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. ఎదిగిన కూతురు ఇంట్లో ఉంటే అమ్మ పనిలో కొంత ఆమె మీద పడకుండా ఉండదు. అమ్మది తప్పని అనను, ఆమెకి మాత్రం ఇంకెవరున్నారు?

నేను ఎమ్మెస్సీ మొదటి ఏడాది ఇంటి నుంచే తిరిగాను. ఒక్క క్లాసూ మానలేదు. ల్యాబ్ రికార్డు రైల్లో రాసేదాన్ని, రాత్రి వంటిల్లు సర్దేసరికి తొమ్మిదిన్నర, ఆ తర్వాత పుస్తకం తీస్తే నిద్రే. రెండో ఏడాది హాస్టల్లో చేరాను. బుర్ర అదే, మార్కులు పెరిగాయి.

అనుకోని లాభం ఇంకోటి, ఒడియా. ఇచ్ఛాపురం వైపు తెలుగులో చదువుకున్న పిల్లలు, మేష్టారు ఇంగ్లీషులో మొదలుపెట్టి ఒడియాలోకి జారిపోగానే బిక్కమొహం వేస్తారు. రూమ్మేటు కటక్ పిల్ల అయితే ఆర్నెల్లలో ఆ బెరుకు పోతుంది.

హాస్టల్లో ఇబ్బంది లేదనను. పక్క మంచం మీద ఫోను మోగుతూనే ఉంటుంది. పరీక్షల ముందు ఒకరు రాత్రంతా మేలుకుంటే మిగతావాళ్ళకీ టెన్షన్ అంటుకుంటుంది. బెంగ పెట్టుకునే పిల్లనైతే మొదటి సెమిస్టరు ఇంటి నుంచే పంపండి, కానీ సాయంత్రం రెండు గంటలు ఆమెను ఎవరూ ఏ పనికీ పిలవకూడదు. ఈ షరతు కుదిరే ఇళ్ళు నాకు ఎక్కువ కనపడలేదు.

ప్రైవేటు గది సంగతంటారా, తెలిసిన పిల్లలు తోడుంటే చూడొచ్చు. చుట్టాలిల్లు మాత్రం వద్దు. అక్కడా పని తప్పదు, పైగా కాదనడానికి నోరు రాదు.

ఈ ఏడు మా ఆడపడుచు కూతురు హాస్టల్లోనే చేరింది. ప్రతి ఆదివారం ఇంటికి రావాలని వాళ్ళమ్మ షరతు. వస్తోంది, వారం బట్టల మూటతో సహా.