ఇంటికి రావద్దు, పిల్లలు ఏడుస్తారు అన్నారంటే అక్కడే ఆగండి

ఎవరో పెంచుకున్న పెద్ద కుక్కని ఆన్‌లైన్‌లో చూసి తెచ్చుకుందామనుకుంటున్నవాళ్ళు ఇది ఒకసారి చదవండి. మేం విజయవాడలో ఉంటాం. పోయిన వేసవిలో హైదరాబాద్ వెళ్ళి ఒక ల్యాబ్రడార్‌ని తెచ్చుకున్నాం. ఇచ్చిన 15,000 సంగతి అలా ఉంచి, ఎలా నమ్మామో చెప్తే ఇంకొకరు పడకుండా ఉంటారని రాస్తున్నా.

ప్రకటనలో ఉన్నది ఇదీ. మూడేళ్ళ ఆడ ల్యాబ్రడార్, పేరు రూబీ, ఇంట్లో పిల్లలతో పాటే పెరిగింది, వ్యాక్సిన్లన్నీ వేయించాం, మేం అమెరికా వెళ్ళిపోతున్నాం, మంచి కుటుంబం కావాలి. కింద ఫొటోలో సోఫా మీద ఇద్దరు పిల్లలు, మధ్యలో కుక్క. ఫోన్ చేస్తే ఆయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఇల్లు సొంతమా అద్దెదా, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇంతకుముందు కుక్కని పెంచారా అని అన్నీ అడిగాడు. పిల్లనిచ్చేవాళ్ళు ఆరా తీసినట్టు తీస్తే ఇంక అనుమానం ఏం వస్తుంది? "డబ్బు మీద ఆశ లేదండీ, ఊరికే ఇస్తే తీసుకెళ్ళి అమ్ముకునేవాళ్ళున్నారు, అందుకే 15,000 పెట్టాం" అన్నాడు. టోకెన్‌గా 3,000 యూపీఐలో వేశాం. అకౌంట్ పేరు వేరేగా వచ్చింది. బావమరిదిదట.

బయల్దేరే ముందు అడ్రస్ అడిగితే, "ఇంటికి వద్దండీ, పిల్లలు చూస్తే ఏడుస్తారు, నేనే ఎల్బీ నగర్ దాకా తీసుకొస్తా" అన్నాడు. నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మాటే మమ్మల్ని ముంచింది.

రోడ్డు పక్కన ట్రాలీ ఆటోలోంచి కుక్కని దించాడు. మిగతాది క్యాష్ ఇమ్మన్నాడు, లెక్కపెట్టుకున్నాడు, వ్యాక్సిన్ బుక్ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. పట్టుమని పది నిమిషాలు కూడా కాలేదు. కుక్క ఆయన వైపు తిరిగి చూడలేదు. మూడేళ్ళు పెంచిన మనిషి వెళ్ళిపోతుంటే ఏ కుక్కైనా మెడ తిప్పదా? ఈ ప్రశ్న నాకు సూర్యాపేట దాటాక తట్టింది.

ఇంటికొచ్చాక రూబీ అని పిలిస్తే పలకలేదు. కొత్తచోటు కదా అనుకున్నాం. సోఫా ఎక్కలేదు, మెత్త వేస్తే దాని మీద పడుకోలేదు, బాత్రూమ్ గచ్చు మీదే ముడుచుకుని పడుకునేది. తలుపు గడియ చప్పుడైతే చాలు, లేచి మూలకి పోయేది. మోచేతుల దగ్గర చర్మం కాయలు కాసి నల్లబడింది. గోళ్ళు పెరిగి వంకర తిరిగాయి. అసలు సంగతి ముందు పట్టింది మా అత్తయ్య. ఊళ్ళో నలభై ఏళ్ళు గేదెల్ని సాకిన మనిషి. కుక్కని తేవడం ఆవిడకి మొదటినుంచీ ఇష్టం లేదు, దూరం నుంచే చూస్తుండేది. రెండో రోజు దాని పొట్ట కింద వేలాడుతున్న చన్నుల్ని చూసి, "దీనికి మూడేళ్ళేంటే, ఇది ఎన్ని ఈతలు ఈనిందో" అంది.

నాలుగో రోజు తిండి మానేసింది, ముక్కులోంచి రక్తం కారింది. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పరుగెత్తాం. టిక్ ఫీవర్ అన్నారు. గోమార్లు కుట్టడం వల్ల వచ్చేది. ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైన ఉండాల్సింది 48,000 ఉన్నాయి. పళ్ళు చూసి ఏడేళ్ళు ఉండొచ్చన్నారు. పొట్ట మీద బొచ్చు తీస్తే పాత సిజేరియన్ కుట్లు కనపడ్డాయి. అంటే దీని చేత పిల్లల్ని పెట్టించి పెట్టించి, ఇంక పనికిరాదనుకున్నాక, అమెరికా వెళ్తున్న కుటుంబం కథ ఒకటి అల్లి మాకు అంటగట్టారు. డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడాం. సెలైన్లు, రక్తపరీక్షలు, ఆ తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, అన్నీ కలిపి ఇంకో 22,000.

వ్యాక్సిన్ బుక్ అప్పుడు నింపాదిగా చూశాం. మూడేళ్ళ ఎంట్రీలూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత. వ్యాక్సిన్ సీసా మీది స్టిక్కర్ పీకి బుక్‌లో అంటిస్తారు కదా, ఒకచోట ఆ స్టిక్కర్ మీద గడువు మార్చితో అయిపోయింది, పక్కన ఇంజెక్షన్ వేసిన తేదీ ఆగస్టు అని ఉంది. డాక్టర్ స్టాంపులో వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. చివరికి రేబిస్‌తో సహా అన్నీ మళ్ళీ కొత్తగా వేయించాం. ఫొటో సంగతి మా వాడు తేల్చాడు. సోఫా వెనక గోడకున్న ప్లగ్ అసలు మన దేశానిదే కాదు! ఇద్దరు పిల్లల్ని చూస్తూ ఉండిపోయాం గానీ గోడ ఎవరు చూస్తారు.

ఫోన్ చేస్తే మా నంబర్ బ్లాక్. చాట్, యూపీఐ వివరాలు పెట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇచ్చాం. కుక్కల బ్రీడర్లకి 2017లోనే కేంద్రం రూల్స్ పెట్టింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేయించుకోవాలి, 18 నెలలు నిండని ఆడకుక్కని మగకుక్కతో కట్టించకూడదు, జన్మలో ఐదు ఈతలకి మించకూడదు. మా దానికి ఈ లెక్కలు ఎవరు చూసుంటారు?

కాబట్టి ఇల్లు చూడకుండా కుక్కని తీసుకోవద్దు. గేటు లోపలికి రానివ్వకపోతే అది ఆ ఇంటి కుక్క కాదనే అనుకోండి. అది తినే గిన్నె ఎక్కడుంది, పడుకునే చోటేది, గంట కూర్చుంటే మీకే తెలిసిపోతుంది. దూరమైతే అప్పటికప్పుడు వీడియో కాల్ చేసి, మన ముందే పేరు పెట్టి పిలవమనండి. చిన్నప్పటి వీడియోలు అడగండి, సొంత కుక్క అయితే ఫోన్ నిండా ఉంటాయి. చూపించే డాక్టర్ ఎవరో అడిగి ఆయనకే ఫోన్ చేయండి. టోకెన్ ముందు వేయొద్దు. కొందరి దగ్గర అసలు కుక్కే ఉండదు. ఆర్మీలో ఉన్నాం, ట్రాన్స్‌ఫర్ అయింది, బోను ఖర్చు పంపండి అంటూ పదే పదే లాగుతారు.

ఇంకో మాట, ఇచ్చేవాళ్ళకి. నిజంగానే విదేశాలకి వెళ్తూ కుక్కని ఎవరికైనా ఇవ్వాల్సివస్తే, ముందు ఆపరేషన్ చేయించి ఇవ్వండి. చేయించని జాతి కుక్కల్ని ఊరికే తీసుకెళ్ళి బోనులో పెట్టి పిల్లల్ని పెట్టించేవాళ్ళూ ఇలాగే కుటుంబంలా మాట్లాడతారు. మాదీ మొదట్లో ఎవరింట్లోనో పెరిగి, అలా చేతులు మారిందేమో.

దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు దాని పేరు లచ్చి. పెట్టింది అత్తయ్యే, పెరుగన్నం కలిపి పెట్టేదీ ఆవిడే. గడియ చప్పుడుకి ఇంకా ఉలిక్కిపడుతుంది గానీ మూలకి పోవడం లేదు, అత్తయ్య మంచం కిందకి దూరుతోంది.

నిన్న మళ్ళీ ఒక ప్రకటన కనపడింది. నంబర్ వేరే, ఫొటో వేరే. గోల్డెన్ రిట్రీవర్, మూడేళ్ళు, ఈసారి కెనడా వెళ్తున్నారట. మా వాడు తెలియనట్టు మెసేజ్ పెట్టి ఇంటికొచ్చి చూడొచ్చా అని అడిగాడు. పిల్లలు ఏడుస్తారని జవాబొచ్చింది.