కార్వెట్ సీ8, పోర్షా 911 కరేరా ఎస్, నిస్సాన్ జీటీ-ఆర్: వేగంలో తేడా తక్కువ, ఖర్చులోనే ఎక్కువ

అమెరికాలో లక్ష డాలర్లకు కాస్త అటూఇటూగా స్పోర్ట్స్ కారు కొనాలనుకునే మనవాళ్ల మాటల్లో చివరికి మూడు పేర్లు మిగులుతాయి: షెవర్లే కార్వెట్ సీ8 స్టింగ్‌రే, పోర్షా 911 కరేరా ఎస్ (992 తరం), నిస్సాన్ జీటీ-ఆర్. మొదటి రెండింటినీ టెక్సస్ ఎండల్లో ఆఫీసుకూ ట్రాక్‌కూ చాలాకాలం వాడిన మీదట నా తీర్పు ముందే చెప్పేస్తాను. కొత్త కారే కావాలంటే జెడ్51 అనే ట్రాక్ ప్యాకేజీ ఉన్న కార్వెట్ తీసుకోండి. పిల్లల్ని వెనక కూర్చోబెట్టాలి, ఏళ్ల తరబడి ఉంచుకోవాలి అనుకుంటే 911. జీటీ-ఆర్ మీదే మనసుంటే సర్వీసు కాగితాలన్నీ ఉన్న బండి దొరికేదాకా ఆగండి.

ముందు వేగం సంగతి. సున్నా నుంచి గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి కంపెనీలు చెప్పే లెక్క ప్రకారం జెడ్51 కార్వెట్‌కు 2.9 సెకన్లు, స్పోర్ట్ క్రోనో (లాంచ్ కంట్రోల్ ఇచ్చే ఆప్షన్) ఉన్న 2020–24 కరేరా ఎస్‌కు 3.3. పోర్షా ఎప్పుడూ తగ్గించే చెబుతుంది. పత్రికలు పరీక్షిస్తే ఇదీ మూడు సెకన్ల లోపే వచ్చింది. క్వార్టర్ మైలు రెండూ పదకొండు సెకన్ల చిల్లరలోనే దాటతాయి. ఇంకో సంగతి, అమెరికన్ పత్రికలు కారు మొదటి అడుగు దూరం కదిలాకే గడియారం మొదలుపెడతాయి. ఫోన్ యాప్‌తో కొలిస్తే సెకనులో రెండు మూడు పదో వంతులు ఎక్కువ చూపించేది అందుకే, బండిలో లోపం ఉండి కాదు.

కార్వెట్‌లో 6.2 లీటర్ల వీ8, టర్బో లేదు, జెడ్51తో 495 హార్స్‌పవర్. 2020–24 కరేరా ఎస్‌లో 3 లీటర్ల ట్విన్ టర్బో, 443. పవర్ తక్కువైనా 911 దాదాపు 120 కిలోలు తేలిక, ఇంజిన్ బరువంతా వెనక చక్రాల మీదే, కాబట్టి స్టార్టింగ్‌లో పట్టు ఎక్కువ. టాప్ స్పీడ్ కోసం జెడ్51 కొంటే మాత్రం నిరాశే: మామూలు స్టింగ్‌రే 194 మైళ్లు పోతే, జెడ్51 స్పాయిలర్ గాలికి అడ్డుపడి 184 దగ్గరే ఆగుతుంది. అయినా జెడ్51 వదులుకోవద్దు. పెద్ద బ్రేకులు, అదనపు కూలింగ్, ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ అన్నీ దాంతోనే వస్తాయి.

లాంచ్ కంట్రోల్, అంటే ఆగిన చోటు నుంచి ఒక్కసారిగా దూసుకుపోయే ఏర్పాటు, వాడే పద్ధతి రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. 911లో స్పోర్ట్ ప్లస్ పెట్టి, ఎడమ కాలితో బ్రేకు గట్టిగా తొక్కి, కుడికాలితో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కాలి. స్క్రీన్ మీద లాంచ్ కంట్రోల్ అని పడగానే బ్రేకు ఒక్కసారిగా వదలాలి. మెల్లగా వదిలితే క్లచ్‌కు దెబ్బ. కార్వెట్‌లో ట్రాక్ మోడ్‌లో ఇదే వరస. దీనికన్నా ముందు టైర్లు వేడెక్కాలి. చల్లటి టైర్లతో కార్వెట్ వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిర తిరుగుతాయి, వచ్చే టైము మామూలుగా తొక్కినదానికన్నా అధ్వాన్నం.

తేడా తెలిసేది ట్రాక్ మీద, అదీ వేడికి. ఆస్టిన్ సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో వెనక ఉన్న పొడవాటి స్ట్రెయిట్ చివర పన్నెండో మలుపు దగ్గర బ్రేకుల మీద పడే భారం మామూలుది కాదు. ఫ్యాక్టరీ బ్రేక్ ఫ్లూయిడ్‌తో వెళితే కాసేపటికి పెడల్ మెత్తబడి కిందికి దిగుతుంది. ఫ్లూయిడ్ మరిగి అందులో ఆవిరి బుడగలు చేరడమే కారణం, ప్యాడ్లు అరిగాయని అనుకోవద్దు. ట్రాక్‌కు వెళ్లేముందు మరిగే ఉష్ణోగ్రత ఎక్కువుండే డాట్ 4 ఫ్లూయిడ్ పోయించి, నాలుగు చక్రాలకూ బ్లీడ్ చేయించాలి, అంటే గొట్టాల్లోని గాలి తీయించాలి. బ్రేకుల మీద నమ్మకం నాకు 911తోనే ఎక్కువ. ఎండ ముదిరాక మాత్రం టర్బో ఇంజిన్ లోపలికి పీల్చే గాలి వేడెక్కి 911 ఊపు కాస్త తగ్గుతుంది, కార్వెట్‌లో ఆ తగ్గుదల అంతగా కనపడదు.

ఇక ధర. 2020లో కార్వెట్ 59,995 డాలర్లతో మొదలైంది, జెడ్51కు మరో 5,000. తర్వాత ఏటా పెరుగుతూ మొదటి ధరే 70 వేల దాకా చేరింది. అదే 2020లో కరేరా ఎస్ 1,13,200. అదీ ఆప్షన్లు ఏవీ లేకుండా. ఈ వ్యాసంలో చెప్పిన 3.3 సెకన్లకు కావలసిన స్పోర్ట్ క్రోనో కూడా విడిగా కొనాల్సిందే. పోర్షా ఆప్షన్ల పట్టీలో ఒక్కో టిక్కూ వెయ్యీ రెండు వేలు. తెలుగిళ్ల పెళ్లి ఖర్చులా, చిన్నచిన్నవి కలిసే పెద్దదవుతుంది.

కొన్నాక పెద్ద ఖర్చు టైర్లదే. జెడ్51కు ముందు 245/35 19 అంగుళాలు, వెనక 305/30 20 అంగుళాలు, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ రన్‌ఫ్లాట్. ముందూ వెనకా సైజులు వేరు కాబట్టి మార్చి వేసే వీల్లేదు, వెనకవి ముందే అరిగిపోతాయి. పంక్చరైతే రన్‌ఫ్లాట్ మీద నిదానంగా షాపు దాకా చేరవచ్చు. 911లో రన్‌ఫ్లాట్ ఉండదు, స్టెప్నీ ఉండదు, సీలెంటూ చిన్న కంప్రెసరూ ఇస్తారు. సైడ్‌వాల్ చిరిగితే అవి ఎందుకూ పనికిరావు, టో ట్రక్ పిలవాల్సిందే.

చలికాలం ఉదయం పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి వెనక్కి తీస్తే కార్వెట్ ముందు చక్రాలు టకటకమని ఎగిరినట్టు అనిపిస్తాయి. భయపడి వర్క్‌షాపుకు పరుగెత్తనక్కర్లేదు. చలికి గట్టిపడిన సమ్మర్ టైరు జారలేక దూకుతోందంతే. స్టీరింగ్ పావు వంతు వెనక్కి తిప్పితే పోతుంది. అయితే గడ్డకట్టే చలిలో ఆ టైర్లతో బండి తీయకండి, రబ్బరు పగిలే ప్రమాదం నిజంగానే ఉంది.

కార్వెట్‌లో మరిచిపోకూడని సర్వీసు డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఫిల్టర్, మొదటిది 7,500 మైళ్లకే. కొత్త గేర్లు రాపిడికి రాల్చే లోహపు పొడి ముందే బయటికి పోవాలి. వాడిన కారు కొంటే ఈ ఒక్క బిల్లు చూపించమని అడగండి. ఇంజిన్ ఆయిల్ డ్రై సంప్‌ది (ఆయిల్ ఇంజిన్ అడుగున కాక విడి ట్యాంకులో ఉంటుంది), బాగా వేడెక్కాక ఆపి, కొద్ది నిమిషాల్లో డిప్‌స్టిక్ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఆయిల్ తక్కువున్నట్టు కనిపిస్తుంది, అది నమ్మి పోస్తే ఎక్కువవుతుంది. 911లో డిప్‌స్టిక్కే లేదు, స్క్రీన్‌లో చూసుకోవాలి. సామాను విషయానికొస్తే కార్వెట్ వెనక డిక్కీ ఇంజిన్‌ను ఆనుకుని వేడిగా ఉంటుంది. పాలు, పెరుగు, స్వీట్లు ముందు డిక్కీలో పెట్టండి.

దొరకడం ఇప్పుడు తేలికైంది. మొదటి రెండేళ్లూ కార్వెట్‌కు నెలల తరబడి వరస, పైగా స్టిక్కర్ ధర మీద డీలర్ల అదనపు వడ్డింపు. ఇప్పుడు స్టింగ్‌రే లాట్‌లోనే దొరుకుతుంది, బేరం కూడా ఆడొచ్చు. నాలుగైదు ఊళ్ల డీలర్లకు ఒకే స్పెసిఫికేషన్ పంపి, పన్నులూ ఫీజులూ అన్నీ కలిపిన ధర ఈమెయిల్‌లో రాసిమ్మనండి. ఇంకా శక్తిమంతమైన కార్వెట్ జెడ్06 కోసమైతే లక్ష దాటాలి. పోర్షాకు అమెరికాలో ఫ్యాక్టరీ లేదు, 2025 నుంచి దిగుమతి సుంకం భారం ధరల్లో కనిపిస్తోంది.

జీటీ-ఆర్ కథ వేరు. అమెరికాలో 2024 మోడల్‌తో అమ్మకాలు ఆగాయి, జపాన్‌లో 2025 ఆగస్టులో తయారీయే ఆగింది. 2009లో 70 వేల లోపు మొదలైన కారు చివరికి లక్షా ఇరవై వేలు దాటింది. 565 హార్స్‌పవర్, నాలుగు చక్రాల డ్రైవ్, వానలో ఈ మూడింటిలో ఇదే ధైర్యం. కానీ 1,780 కిలోలు ఆపాలంటే బ్రేకులూ టైర్లూ త్వరగా తింటుంది. 2009 కార్లలో లాంచ్ ఎక్కువగా వాడినవాటి గేర్‌బాక్సులు దెబ్బతిన్నాయన్నది అందరికీ తెలిసిందే, కాబట్టి ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మార్చిన కాగితం లేని బండి ఎంత చవకైనా వదిలేయండి.

హైదరాబాద్‌లో కొనాలనుకునేవారికి ఈ పోలిక చాలావరకు పనికిరాదు. షెవర్లే 2017 చివరికే భారత్‌లో అమ్మకాలు ఆపింది. అమెరికా కార్వెట్‌కు స్టీరింగ్ ఎడమవైపు, ఇండియా తీసుకెళ్లి రిజిస్టర్ చేయించుకుందామన్నా మామూలు దారిలో కుదరదు. షోరూములో వారంటీతో దొరికేది ఒక్క 911, సుంకాలతో అమెరికా ధరకన్నా చాలా ఎక్కువ.