కక్ష్య లెక్కలకు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్: ఏళ్ల తరబడి వాడాక

ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అంటే ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి తగిలించే చిన్న రేడియో రిసీవర్. దీన్ని చాలామంది ఉపగ్రహాల సిగ్నల్ వినడానికి కొంటారు. నేను కక్ష్య లెక్కగట్టడానికి కొన్నాను. అందుకే ఫ్రీక్వెన్సీ కొలతకు ఆధారమైన లోపలి క్లాక్ ఎంత నిలకడగా ఉందనేదే నా మొదటి కొలమానం. సిగ్నల్ ఎంత బాగా వస్తుందనేది ఆ తర్వాతే.

ఉప్పల్‌లో మా డాబా మీద, వాటర్ ట్యాంక్ పక్కన పైపుకి కట్టిన వీ-డైపోల్ (వీ ఆకారంలో రెండు రాడ్లు) నా యాంటెన్నా. రాడ్లు రాణీగంజ్‌లో, కేబులూ కనెక్టర్లూ కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. క్యూబ్‌శాట్లు అనే బుల్లి ఉపగ్రహాలు ఎక్కువగా వాడే 435-438 మెగాహెర్ట్జ్‌కి ఇది సరిపోతుంది.

ఉపగ్రహం దగ్గరికొస్తున్నప్పుడు ఫ్రీక్వెన్సీ ఎక్కువగా, దూరమవుతున్నప్పుడు తక్కువగా కనిపిస్తుంది. 437 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ తేడా పైకీ కిందికీ దాదాపు 10 కిలోహెర్ట్జ్. స్క్రీన్ మీద గీత ఎస్ ఆకారంలో జారుతుంది. అది బాగా నిటారుగా పడే క్షణమే ఉపగ్రహం మనకు అతి దగ్గరగా ఉన్న క్షణం. ఎంత నిటారుగా పడితే అంత దగ్గర. 500 కి.మీ. ఎత్తున నెత్తి మీదుగా పోతే సెకనుకు సుమారు 150 హెర్ట్జ్ చొప్పున జారుతుంది. 1957లో జాన్స్ హాప్కిన్స్ అప్లైడ్ ఫిజిక్స్ ల్యాబ్‌లో గైయర్, వైఫెన్‌బాక్ అనే శాస్త్రవేత్తలు స్పుత్నిక్ కక్ష్యని పట్టుకున్నది ఈ కిటుకుతోనే.

ఇక అసలు సంగతి. టీసీఎక్స్‌ఓ (వేడికి పెద్దగా చలించని క్లాక్) లేని చవక డాంగిల్ కూడా ఒకటి నా దగ్గరుంది. డిసెంబర్ రాత్రుల్లో ఫర్వాలేదు. మే నెల ఎండలో మాత్రం పాస్, అంటే ఉపగ్రహం మన ఆకాశం దాటే ఆ పది నిమిషాల్లోనే దాని ఫ్రీక్వెన్సీ పక్కకి జరిగిపోతుంది. తప్పు ఒకేచోట నిలబడి ఉంటే బాధ లేదు, కక్ష్య లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఎస్‌టీఆర్‌ఎఫ్‌లోని ఆర్‌ఎఫ్‌ఫిట్ దాన్నీ లెక్కలో కలిపి తేల్చేస్తుంది. జరుగుతూ పోయే తప్పుతోనే తలనొప్పి. దాన్ని ఉపగ్రహం కదలికే అనుకుని సాఫ్ట్‌వేర్ కక్ష్యనే మార్చేస్తుంది! టీసీఎక్స్‌ఓ ఉన్నదాని మీద 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు తప్పు) అని రాసి ఉంటుంది. 437 మెగాహెర్ట్జ్ దగ్గర అంటే 437 హెర్ట్జ్. తక్కువేం కాదు, కానీ వేడెక్కాక పెద్దగా కదలదు. పాస్‌కి అరగంట ముందే ఆన్ చేసి, నీడలో పెట్టండి.

డాంగిల్ తనంతట తాను టైమ్ వేయదు, ల్యాప్‌టాప్ టైమే దిక్కు. ఒక్క సెకను తప్పితే ఉపగ్రహం ఏడున్నర కిలోమీటర్లు తప్పినట్టే. ఇంటర్నెట్ నుంచి టైమ్ సరిచేసే ఎన్‌టీపీ పెట్టుకోకుండా మొదలెట్టొద్దు.

2024 మే 10, 11 సౌర తుఫాను వల్ల పైవాతావరణం ఉబ్బి, కింది కక్ష్యల్లో రాపిడి పెరిగింది. పాత టీఎల్ఈ (కక్ష్య వివరాల పట్టీ) చెప్పిన టైమ్ కన్నా ఉపగ్రహాలు ముందే వచ్చేశాయి. అలాంటప్పుడు ఈ చిన్న వస్తువు నిజంగా పనికొస్తుంది, ఒక్క పాస్‌తో టైమ్ సరిదిద్దుకోవచ్చు.

ఒక్క పాస్‌తో తేలనిది ఇంకోటుంది. ఉపగ్రహం మనకు తూర్పున పోయిందా, పడమరనా? రెండింటికీ గీత దాదాపు ఒకేలా ఉంటుంది. విశాఖలో మిత్రుడొకరు అదే పాస్ రికార్డ్ చేసి పంపితే తేలిపోతుంది, లేదంటే తర్వాతి పాస్‌ల దాకా ఆగాలి.

ఉపగ్రహాల్ని ట్రాక్ చేసే ఇస్రో ఇస్ట్రాక్ స్టేషన్లతో దీన్ని పోల్చొద్దు. వాళ్లు సిగ్నల్ పంపి, ఉపగ్రహం తిప్పి పంపినదాన్ని కొలుస్తారు కాబట్టి దూరం కూడా దొరుకుతుంది, కింది క్లాక్‌నే నమ్ముకుంటే చాలు. మనం ఉపగ్రహంలో ఫ్రీక్వెన్సీ పుట్టించే చిన్న ఆసిలేటర్‌ని కూడా నమ్మాలి. భూమి నీడలోకి పోగానే దాని ఫ్రీక్వెన్సీ కూడా పక్కకి జరుగుతుంది. కొన్ని డాంగిళ్లకి బయటినుంచి 28.8 మెగాహెర్ట్జ్ క్లాక్ ఇచ్చుకునే వీలుంది. జీపీఎస్‌తో నడిచే క్లాక్ ఇస్తే మన వైపు తప్పు చాలావరకు పోతుంది, కాకపోతే సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్లే ముట్టుకోండి.