పరిశీలక హోదా: తలుపు తెరిచారు, కుర్చీ వేయలేదు

ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒడంబడిక కింద పౌర సంస్థలకు లభించే పరిశీలక హోదాను, అంటే సభ్యదేశాల వాతావరణ సమావేశాలకు హాజరయ్యే అనుమతిని, ఒక సేవగా తూచితే, ప్రవేశ నిబంధన ఉదారమైనదే: 1992 నాటి ఒడంబడికలోని 7వ అధికరణం ప్రకారం, హాజరైన సభ్యదేశాల్లో కనీసం మూడో వంతు అభ్యంతరం చెబితే తప్ప అర్హత గల సంస్థను కాదనడానికి వీల్లేదు. పరిశీలక సంస్థలను ఆదివాసులు, మహిళలు, యువత, రైతులు, కార్మిక సంఘాలు మొదలైన తొమ్మిది సమూహాలుగా చేర్చిన ఏర్పాటు కూడా మెచ్చదగినదే (చమురు కంపెనీల ప్రయోజనాలు చూసే వ్యాపార సంఘాలూ ఈ ద్వారం గుండానే వస్తాయనుకోండి).

అసలు లోపం లోపలికి వెళ్లాక తెలుస్తుంది. ఓటు ఉండదు, కీలకమైన బేరసారాలు చాలావరకు మూసిన గదుల్లోనే సాగుతాయి, 2009లో కోపెన్‌హాగెన్ సమావేశం చివరి రోజుల్లోనైతే పరిశీలకుల ప్రవేశాన్నే బాగా కుదించారు. ప్రయాణ ఖర్చులూ వీసాల భారమూ పేద దేశాల సంస్థలనే ఎక్కువగా అడ్డుకుంటున్నప్పుడు, ఈ హాజరు పట్టీని చూపి నిర్ణయాలకు ప్రజామోదం ఉందనడం అతిశయోక్తి. అయిదింటికి రెండున్నర నక్షత్రాలు.