ఆల్కాన్ సోలో పియానో కన్చెర్టో సీడీ: ఆర్కెస్ట్రా లేదు, లోటూ లేదు

పారిస్‌లో పియానో స్వరకర్త షోపాన్‌కి స్నేహితుడు, పొరుగువాడు కూడా అయిన స్వరకర్త షార్ల్ వాలెంటీన్ ఆల్కాన్ (1813–1888) పేరు ఇప్పుడు ఎంతమందికి తెలుసు? 1857లో అచ్చయిన ఆయన ఓపస్ 39 (39వ నంబరు సంపుటి)లోని 8, 9, 10 ఎట్యూడ్‌లు, అంటే సాధన కోసం రాసే రచనలు, కలిపితే ఈ కన్చెర్టో. మామూలుగా కన్చెర్టో అంటే ఒక సోలో వాద్యం, ఆర్కెస్ట్రా కలిసి వాయించేది. ఇక్కడ ఆర్కెస్ట్రా వాయించాల్సింది కూడా ఆ ఒక్క పియానోనే వాయించాలి, మొదటి భాగమే దాదాపు అరగంట, చేతులు ఏమైపోవాలి చెప్పండి! పియానిస్ట్ మార్క్-ఆండ్రే హామెలిన్ హైపీరియన్ అనే రికార్డింగ్ కంపెనీకి చేసిన ఈ రికార్డింగ్‌లో ఎంత వేగంలోనూ ఒక్క స్వరం అలుక్కుపోదు, పైగా ఎక్కడ ఆర్కెస్ట్రా, ఎక్కడ సోలో అన్నది చెవికి ఇట్టే తెలిసిపోతుంది. నాకు మాత్రం నెమ్మదిగా, దిగులుగా సాగే రెండో భాగమే ఎక్కువ నచ్చింది. చివరిది పోలోనేజ్ అనే పోలండ్ నాట్యం లయలో మహా హుషారు. మొదటిసారి వినేవాళ్లకి కాస్త బరువే, భాగానికో పూట పెట్టుకోండి. ఫోన్ స్పీకర్‌లో వద్దు, కింది స్వరాలు సగం వినిపించవు.